మాడ్, తూము

మేడ్చల్, శామీర్‌పేట చెరువుల కింద సేద్యం చేసినవాళ్లకు తూము అంటే రెండు: చెరువు నీళ్లు వదిలే దారి, ధాన్యం కొలిచే కొలత. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి.

వీడియో గేములను తమకు నచ్చినట్టు మార్చుకునే కుర్రకారు నోట వినిపించే ‘మాడ్’ కూడా కొలతలోంచి పుట్టిన మాటే. అది ‘మాడిఫికేషన్’కు పొట్టి రూపం. మూలం లాటిన్ ‘మోడుస్’, అంటే కొలత, హద్దు. రోమన్లు ధాన్యం కొలిచిన ‘మోడియుస్’ దాని తోబుట్టువు.

మంచి మాడ్ ఆ కొలతను ఆడేవారి చేతికే ఇవ్వాలి. 2010లో మైన్‌టెస్ట్‌గా మొదలై 2024లో లువాంటి అయిన ఆటల వేదికను చూడండి. మాడ్ రాసేవారు ‘సెట్టింగ్‌టైప్స్’ అనే ఫైలులో ఒక్కో అమరికకు పేరు, రకం, మామూలు విలువ, కనిష్ఠం, గరిష్ఠం రాస్తే చాలు, అది ఆట సెట్టింగుల్లో కనబడుతుంది. కోడ్ రాని పదేళ్ల పిల్ల కూడా తన లోకంలో వాన ఎంత తరచుగా కురవాలో తానే మార్చుకోగలదు. విలువలన్నీ కోడ్‌లోనే బిగించేయడం తూము పెట్టకుండా చెరువు కట్టడమే. గరిష్ఠం మాత్రం మరవకూడదు. హద్దు లేకపోతే ఎవరో ఒకరు లక్ష జంతువులను అడుగుతారు, పాత ల్యాప్‌టాప్ అక్కడే మొరాయిస్తుంది.