సరాసరిని ఎప్పుడు నమ్మవచ్చు?

ఉగాదినాడు పంచాంగ శ్రవణం మీద మనసు పోని తెలుగువాడుండడు. ఇల్లు విడిచి ఎంత దూరం వచ్చినా, పచ్చడి నాలుకకు తగిలిన తరువాత మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవి యొగ్గుతాము. ఒక్క మనిషికి రేపు ఏమి జరుగునో చెప్పటం కష్టమే. కాని వేయిమందికి కలిపి ఏమి జరుగునో కొంతవరకు చెప్పవచ్చునని చూపిన శాస్త్రమొకటి ఉన్నది. దాని చరిత్ర, అందులో మన తెలుగువాని పాత్ర, మన కోలారు గనుల సీమ దాని నుండి నేర్వవలసిన పాఠం చెప్పాలని నా ప్రయత్నం. నేను మెట్రిక్ వరకే చదివిన రైల్వే గుమాస్తాను. తప్పులుంటే పెద్దలు మన్నింతురుగాక.

నా పని టికెట్ల లెక్క వ్రాయటం. ఈ రోజు లెక్క నిన్నటి వలె ఉండదు. ఒకడు కోర్టు పనికి, ఒకతె పుట్టింటికి, ఒకడు ఆసుపత్రికి వెళతారు. ఎవరి పని వారిది, ఎవరూ కూడబలుక్కొని రారు. అయినా నెల మొత్తం మీద సరాసరి తీస్తే ఒక నెలకూ మరొక నెలకూ పెద్ద తేడా కనబడదు. ఇది ఎందుకు జరుగుతుంది?

ఈ ప్రశ్నకు మొదట గట్టి రుజువు ఇచ్చినవాడు స్విట్జర్లాండు పండితుడు జాకబ్ బెర్నూలీ. ఆయన 1705లో కాలం చేసిన తరువాత, 1713లో ఆయన గ్రంథం అచ్చయినది. ఒక పాత్రలో 3 పాళ్ళు తెల్ల రాళ్ళు, 2 పాళ్ళు నల్ల రాళ్ళు ఉన్నవనుకొందాము. ఒక రాయి తీసి, రంగు చూసి, మరల పాత్రలోనే వేయాలి. ఇట్లా ఎన్నిసార్లు తీస్తే, వచ్చిన తెల్లవాటి పాలు అసలు పాలుకు యాభయ్యో వంతు తేడాలోపల ఉండునని వెయ్యికి ఒకటి చొప్పున పందెం వేయవచ్చును? 25,550 సార్లు తీస్తే చాలునని ఆయన లెక్క కట్టినాడు. పరిశీలనలు పెరిగినకొద్దీ సరాసరి అసలు విలువకు దగ్గర పడుతుంది. దీనినే బృహత్ సంఖ్యా న్యాయం అంటారు.

తరువాతివాడు మనవంటి వలసజీవే. ఫ్రాన్సులో ప్రొటెస్టెంటులకున్న రక్షణను 1685లో తీసివేసినారు. ఆ మతస్థుడైన డిమావ్ర్ లండను చేరి, పిల్లలకు లెక్కలు చెప్పి పొట్ట పోసుకున్నాడు. బెర్నూలీ న్యాయంలో సరాసరి ఎంత వేగంగా దగ్గర పడునో 1733లో ఆయన తేల్చినాడు. తప్పును సగం చేయాలంటే పరిశీలనలు నాలుగింతలు కావాలి. ఆ తప్పులన్నీ గంట ఆకారపు వక్రరేఖలో సర్దుకొంటవి. ఆయన దారిని లెక్క కడితే బెర్నూలీ పాత్రకు సుమారు 6,500 సార్లే చాలును.

పిమ్మట రష్యా పండితులు ఈ పనిని ఎత్తుకొన్నారు. రాళ్ళకే కాదు, ఎగుడుదిగుడు ఒక హద్దు దాటని స్వతంత్ర రాశులన్నిటికీ ఈ న్యాయం చెల్లునని 1867లో చెబిషెవ్ చూపినాడు. ఏ ఒక్కటీ మిగిలినవాటిని మింగివేయనంతవరకు, వాటి మొత్తం ఆ గంట ఆకారానికే చేరునని 1901లో ల్యాపునోవ్ రుజువు చేసినాడు. 1933లో కోల్మొగొరోవ్ ఈ శాస్త్రానికంతటికీ పునాది వేసినాడు.

ఇక మనవాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో జన్మించినారు. ఆనాడు అది మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా, నేడు కర్ణాటకం. ఎనిమిదవ సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టినారు. తండ్రి గారి పోలీసు ఉద్యోగపు బదిలీలతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో సాగినది. సైన్యం తరపు ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది దొరకలేదు. అక్కడి భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో 1941లో చేరినారు. ఎంత తెలివిగా లెక్క కట్టినా ఇన్ని పరిశీలనలతో తప్పు ఇంతకంటె తగ్గదని, ఆ అడుగు హద్దును 1945లో చూపినారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఆ వ్యాసానికే 2023లో అంతర్జాతీయ బహుమానం వచ్చినది. అదే ఏడు ఆగస్టు 22న, 102 ఏళ్ళు నిండి, అమెరికాలో స్వర్గస్థులైనారు.

ఆయన నీడన కలకత్తాలో వరదరాజన్, రంగారావు, పార్థసారథి, వరదన్ అనే నలుగురు యువకులు ఈ అవధుల శాస్త్రాన్ని సాధించినారు. సరాసరి దారి తప్పటం ఎంత అరుదో 1960లో బహదూర్‌తో కలిసి రంగారావు గారు కొలిచినారు. అటువంటి అరుదైన సంగతుల శాస్త్రానికి పెద్దయిన వరదన్ గారిని 2007లో ఏబెల్ బహుమానం వరించినది.

అయితే ఇంతసేపూ ‘స్వతంత్ర’ అనే మాటను చెబుతూ వచ్చినాను. గుట్టంతా అక్కడే ఉన్నది. శివరాత్రికి కమ్మసంద్ర కోటిలింగేశ్వరునికి జనం కదిలినప్పుడు నా సరాసరి పనికిరాదు. అందరినీ కదిలించినది ఒకే కారణం కనుక. బంగారపు రాతికీ ఇదే చిక్కు. ఒకచోట తీసిన నమూనాకు పక్క నమూనా పోలిక ఉంటుంది, రెండూ స్వతంత్రం కావు. దక్షిణాఫ్రికా బంగారు గనులలో 1951లో క్రీగే అనే ఇంజనీరు ఈ సంగతి మీద పరిశోధన సాగించగా, దాని నుండి ఒక కొత్త శాస్త్రమే పుట్టినది.

ఇప్పుడు మన ఇంటి మాట. హైదరాలీ పుట్టిన ఈ బూదికోట చుట్టుపట్ల ఎన్ని ఇళ్ళు ఆ గనుల కూలి మీద నిలిచినవో పెద్దలకు తెలుసు. కష్టసుఖాలకు చీటీలు వేసుకొన్నారు, చేబదుళ్ళు ఇచ్చుకొన్నారు. పదిమందిలో ఒకరికి జ్వరం వస్తే తొమ్మిదిమంది ఆదుకోగలరు. ఒకరి జ్వరం మరొకరి జ్వరానికి కారణం కానంతకాలం ఆ ఏర్పాటు నిలుస్తుంది. బెర్నూలీ న్యాయం తెలియకపోయినా మన తాతలు దానినే పాటించినారు. కాని 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఆ దినం పదిమందికీ ఒకేసారి జ్వరం వచ్చినది. చీటీ కట్టేవాడూ ఎత్తుకొనేవాడూ ఒకే గని కూలి. ఎవరిని ఎవరు ఆదుకొంటారు? తలలు వేయి ఉన్నవి గాని, లెక్కకు అవి ఒక్క తలే.

నేడు మన పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరికి పోతున్నారు. అందరూ ఒకే తరహా పనికి పోతే, గని పేరు మారినదంతే. ఒకరు వైద్యానికి, ఒకరు బడికి, ఒకరు సేద్యానికి, ఒకరు వర్తకానికి వెళ్ళనీయండి. మన సంఘం సహాయ నిధిలోకి కూడా పలు ఊళ్ళ నుండి, పలు వృత్తుల నుండి చందా రావాలి. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు వేసిన పెద్దలు మనకు చెప్పినదీ ఇదే కాబోలు.