మన కొండ కాఫీ: నీడ చెప్పే చరిత్ర

అరకు కాఫీకి 2018లో పారిస్‌లో బంగారు బహుమతి వచ్చిందనీ, 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిందనీ మీరు పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివే ఉంటారు. మా హాస్టల్ పిల్లలు కూడా ఆ రెండు సంవత్సరాలూ తడుముకోకుండా చెబుతారు. "మరి ఇన్నేళ్లూ ఆ మొక్కని ఎండ నుంచి కాపాడిందెవరు?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జవాబు వాళ్ల ఇళ్లలోనే ఉంది. తాతలు, నాయనమ్మలు, అమ్మానాన్నలు.

కాఫీ మన కొండల్లో పుట్టిన మొక్క కాదు. మనం పండించే అరబికా రకానికి పుట్టిల్లు ఇథియోపియా నైరుతి ప్రాంతపు ఎత్తయిన అడవులు. అక్కడ అది పెద్ద చెట్ల చాటున పెరిగే పొద. 15 నుంచి 25 డిగ్రీల చల్లదనం దానికి హాయి. ఎండ ముదిరి నేల ఆరితే, ఉన్న నీటిని దాచుకోవడానికి ఆకులు తమ సన్నని రంధ్రాలు మూసుకుంటాయి. నీరు నిలుస్తుంది గానీ మొక్కకు తిండి తయారుకావడం మందగిస్తుంది. అందుకే కాఫీకి నీడ అలంకారం కాదు, ప్రాణం.

1898లో బ్రాడీ అనే ఆంగ్లేయుడు పాములేరు లోయలో కాఫీ నాటించాడని చెబుతారు. 1920ల నాటికి అది అనంతగిరి, చింతపల్లి వైపు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత అటవీశాఖ రిజర్వు అడవుల్లో సుమారు పదివేల ఎకరాల్లో తోటలు పెంచింది. అక్కడ మనవాళ్లు కూలీలు. తోట వేరొకరిది, చెమట మనది. అయినా ఏ చెట్టు కింద మొక్క పచ్చగా ఉంటుందో, ఏ వాలులో ఎండిపోతుందో ఆ కూలి రోజుల్లోనే చూసి నేర్చుకున్నారు.

1970ల నుంచి పోడుకు బదులుగా కాఫీ గిరిజన రైతుల సొంత భూముల్లోకి వచ్చింది. మొదట చాలామంది వెనకాడారు. అందులో తప్పేముంది? పోడులో చోళ్లు, సామలు ఆ ఏడే ఇంటికొస్తాయి. కాఫీ తొలి కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. పైగా పోడు కొట్టిన మెట్టల మీద నీడే లేదు. అందుకని ముందు సిల్వర్ ఓక్ నాటి, అవి కాస్త ఎదిగాక కాఫీ వేశారు. ఆ మానులకే మిరియం తీగ పాకించారు. పనస, మామిడి, నేరేడు ఉన్నచోట వాటిని అలాగే ఉంచుకున్నారు. రాలిన ఆకును ఊడ్చెయ్యకుండా మొక్క మొదట్లో పరిచారు. వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చి వాననీటిని ఆపారు. ఈ రోజు శాస్త్రవేత్తలు కరువును తట్టుకునే పద్ధతులని చెప్పేవి చాలావరకు ఇవే.

పూత సంగతి కూడా తెలుసుకోండి. కాఫీ మొగ్గలు వేసవి పొడికి నిద్రపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచి వాన పడితే వారం పది రోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది. వాన చాలకపోతే మొగ్గ మాడిపోతుంది. నీడ లేని మొక్క శక్తికి మించి కాసి, మరుసటి ఏడు కొమ్మలు ఎండబెట్టుకుంటుంది. కాండం తొలిచే పురుగు కూడా ఎండ తగిలే మొక్కల మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఒక్క రోజులో కొండల నిండా సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. కొన్ని కాఫీ మొక్కలు చెట్ల కింద నలిగాయి. మిగిలినవి ఎండలో నిలబడ్డాయి. మరుసటి వేసవిలో మా నాన్న తోటలో బయటపడ్డ మొక్కల ఆకులు పసుపు తిరిగి రాలిపోయాయి. పాత పనసచెట్టు కింద ఉన్న నాలుగు వరసలు మాత్రం పచ్చగానే నిలిచాయి. నాన్న ఏమీ అనలేదు. ఆ వానాకాలం పనస గింజలు తెచ్చి, కూలిన చెట్ల స్థానంలో నాటాడు. అన్ని చోట్లా ఒకే రకం చెట్టు ఉండకూడదని నాకు ఆ రోజు అర్థమైంది.

మంచి వంగడం వస్తే చాలదా అని మీరు అడగవచ్చు. వంగడం అవసరమే. కానీ తుప్పు తెగులును తట్టుకుంటుందని తెచ్చిన కావేరి రకాన్ని కొన్నేళ్లకు ఆ తెగులే పట్టుకుంది. మొక్క బలం ఒక్కటే నమ్ముకుంటే చాలదు, దాని చుట్టూ ఉన్న తోట బలం కూడా కావాలి.

ఇప్పుడు ఎండలు పెరుగుతున్నాయి. ఇంకోవైపు చదువుకో పెళ్లికో డబ్బు అవసరమైనప్పుడు కలప వ్యాపారి గుమ్మంలో నిలబడతాడు. ఆ అవసరం అబద్ధం కాదు, నేను కాదనను. కానీ ఒకేసారి నీడంతా అమ్మేస్తే పోయేది కలప ఒక్కటే కాదు, ఆ చెట్ల కింద ఉన్న కాఫీ, మిరియం, రేపటి ఆదాయం. ఒక మాను కొట్టేముందు రెండు మొక్కలు నాటి, అవి నిలదొక్కుకున్నాక కొట్టండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ తోటలో ఒక్క పూట పెద్దవాళ్లతో నడవండి. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ కరువులో ఏది నిలిచిందో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. మన చరిత్రలో చాలా భాగం ఎవరూ రాయలేదు. ఈ భాగమైనా మన చేతులతో రాసుకుందాం.