మూసీ ఒడ్డున క్లోరోఫాం, చాటున భయం

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. 1908 వరదకు ముందు ఈ పరిసరాల్లోనే పాత అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. ఆ కాలపు హైదరాబాదు వైద్యులు లోకమంతా చెవి ఒగ్గి విన్న ఒక ప్రయోగం చేశారు. మనస్తత్వశాస్త్రం నేటికీ జాగ్రత్తపడే ఒక లోపం అందులో దాగి ఉంది.

వైద్యుడు సింప్సన్ 1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫాం అనే మత్తుమందును వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, కాలిగోరు తీయించుకోబోయిన 15 ఏళ్ల హన్నా గ్రీనర్ ఆ మత్తులో ప్రాణం విడిచింది. ముందు ఆగింది ఊపిరా, గుండెనా? ఈ తగవు నలభై ఏళ్లు గడిచినా తెగలేదు.

హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీది ఊపిరి పక్షం. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలన్నాడు. 1888లో కమిషన్ వేసి జంతువుల మీద పరీక్షించాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇవ్వగా, 1889లో లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. రెండో కమిషన్ కూడా లారీ మాటే నిజమంది. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పనిలో పాలుపంచుకుని, తర్వాత మత్తు వైద్యురాలిగా పేరు తెచ్చుకుంది.

ఆ తీర్పు నిలవలేదు. 1911 నాటికి గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులకు తేలికపాటి మత్తిచ్చి ఎడ్రినలిన్ ఎక్కించి చూశాడు. గుండె లయ తప్పి, కొట్టుకోవడం మానేసింది. లోతైన మత్తులో అలా జరగలేదు. ఎడ్రినలిన్ భయపడ్డప్పుడు మన ఒంట్లోనే ఊరుతుంది. మోతాదు మించిన మత్తులో ముందు ఊపిరి ఆగిన మాట నిజమే. కానీ మత్తు పట్టీపట్టని వేళ, బెదిరిన రోగికి గుండే ఆగవచ్చు. మత్తు లోతు, భయం అనే రెంటినీ లెక్కలోకి తీసుకోకుండా అన్ని మరణాలకూ ఒకే కారణం చెప్పడమే పొరపాటు.

ఇలా ఫలితంలో కలిసిపోయి అసలు కారణాన్ని మరుగుపరిచేదాన్ని మనస్తత్వశాస్త్రంలో కన్‌ఫౌండింగ్ వేరియబుల్ అంటారు. పాట వింటూ చదివినవాళ్లను పొద్దున, నిశ్శబ్దంగా చదివినవాళ్లను సాయంత్రం పరీక్షిస్తే, తేడా పాటదో పొద్దుదో తేలదు. అందుకే రెండు జట్లకూ ఒకే వేళ పరీక్ష పెట్టాలి. ఎవరు ఏ జట్టులో ఉండాలో చీటీలు తీసి నిర్ణయించాలి.

ఏ పరిశోధన ఫలితం చదివినా, నమ్మేముందు ఒక్క ప్రశ్న వేయండి: ఈ రెండు జట్ల మధ్య ఇంకేం తేడా ఉంది?