'విధవ' అనే మాట

చిన్నమామయ్య పోయిన ఏడాది, పింఛను దరఖాస్తు నింపి పెట్టమని మా చిన్నత్త నన్ను పిలిచింది. 'వితంతువు' అన్న గడి దగ్గర నా కలం ఆగింది. "రాయవే, ఇంట్లో అనే మాటకంటే ఇదే నయం" అంది. ఇంట్లో అనే మాటేమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

'విధవ' అంటే 'ధవుడు' లేనిది, అంటే భర్త లేనిది అని మనకు నేర్పారు. భాషాచరిత్ర మరోలా చెబుతుంది. ఋగ్వేదం నాటికే ఉన్న ఈ మాటకు లాటిన్ 'విదువా', ఇంగ్లీషు 'విడో' చుట్టాలు. దాని మూలంలో ఉన్నది వెలితి, వేరుపడటం, భర్త కాదు. 'విధవ'ను విడగొట్టి 'ధవుడి'ని తర్వాత పుట్టించుకున్నారు. అమరకోశం నాటికి అతను భర్త పర్యాయపదాల్లో దర్జాగా కూర్చున్నాడు. ఆమెను ముందు లేనిదాన్ని చేసి, లేనిదేమిటో తర్వాత వెతికారన్నమాట!

'వితంతువు' మర్యాదైన మాటే గానీ అందులోనూ తెగిన తంతువే ఉంది. 'ముండ' అంటే గొరిగించిన తల. శిరోముండనం దాదాపు పోయింది, తిట్టు మిగిలింది. 'విధవ' కాస్తా 'వెధవ' అయి మగపిల్లల మీద పడితే మాత్రం సగం ముద్దు. భార్య పోయినవాడికి 'విధురుడు' అనే పేరుంది. ఆ పేరుతో ఎవరినైనా తిట్టగా మీరు విన్నారా?

ఈ లేమి అన్ని ఇళ్లలో ఒకేలా లేదు. అనేక శ్రామిక కులాల్లో మారుమనువు ఆచారమే. 1856 చట్టం హిందూ వితంతువుల పెళ్లిని చెల్లుబాటు చేసింది. కానీ మళ్లీ పెళ్లాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తిలో తనకు సంక్రమించిన హక్కును కోల్పోవాలని దాని రెండో సెక్షన్ చెప్పింది. మారుమనువు ముందునుంచీ ఉన్న కులాల స్త్రీలకూ మద్రాసు, బొంబాయి హైకోర్టులు ఆ నష్టాన్ని వర్తింపజేశాయి. అలహాబాదు హైకోర్టు ఒప్పుకోలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం మన పాఠాల్లో ఉంది. ఉండాల్సిందే. ఆ రెండో సెక్షన్ మాత్రం ఏ పాఠంలోనూ నాకు తగల్లేదు.

చిన్నత్త దరఖాస్తుకు భర్త మరణ ధ్రువపత్రం జతచేయాలి. పొలం కాగితాలు బావగారి దగ్గరున్నాయట, అడగడానికి ఆమెకు మొహమాటం. సంచిలోంచి తీసిన కాగితాల్లో ఆమె పేరున్నది ఆధార్ కార్డు ఒక్కటే. దాని మీదా, ఆమె పేరు కింద, మామయ్య పేరే.