తీర రక్షణ (భారతదేశం)

సముద్ర మార్గాన జరిగే దాడుల నుండి, చొరబాట్ల నుండి, దొంగరవాణా నుండి తీరాన్నీ సమీప జలాలనూ కాపాడే ఏర్పాట్లకు తీర రక్షణ అని పేరు. చిరకాలం 7,516 కి.మీ.గా చెప్పుకొన్న భారత తీరరేఖ, వంపులను సూక్ష్మంగా లెక్కించిన ఇటీవలి కొలతలలో 11,098 కి.మీ.గా తేలింది.

చరిత్ర: ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరకును రాజులు లాగుకొనే ఆచారాన్ని మాన్పి, సుంకం మాత్రమే గైకొని సముద్ర వర్తకులకు అభయమిచ్చిన ఉదాత్త శాసనాన్ని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించాడు. తరువాతి శతాబ్దాలలో మలబారున నౌకాదళ నాయకులైన మరక్కార్లు, కొంకణంలో మరాఠా నౌకాధిపతి కన్హోజీ ఆంగ్రే ఐరోపా నౌకలను ఎదిరించారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేయగా, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలోనే మునిగిపోయింది.

ఆధునిక వ్యవస్థ: 1976 నాటి చట్టం 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలను, 200 మైళ్ల వరకు ఆర్థిక మండలాన్ని నిర్దేశించింది. దొంగరవాణా అరికట్టడానికి రుస్తుంజీ సంఘం సూచించిన కోస్ట్ గార్డ్ 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా ఏర్పడి, 1978లో చట్టబద్ధత పొందింది. అయినా 1993లో రాయగఢ్ జిల్లా షేఖాడి వద్ద దిగిన ఆర్‌డీఎక్స్ పేలుడు పదార్థం బొంబాయిలో 257 మందిని బలిగొన్నది. 2005లో మొదలైన పథకం కింద 73 తీర పోలీసు స్టేషన్లు మంజూరైనా, కరాచీ నుండి బయలుదేరిన పదిమంది ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే చేపల పడవను మధ్యలో చేజిక్కించుకొని, గాలి నింపిన రబ్బరు పడవలో 2008 నవంబరు 26న ముంబయిలోని మత్స్యకారుల వాడకు చేరి 166 మందిని చంపారు. 2009లో సముద్ర భద్రత మొత్తం బాధ్యతను నావికాదళానికి అప్పగించి, విశాఖపట్నం, ముంబయి, కొచ్చి, పోర్ట్‌బ్లెయిర్‌లలో సంయుక్త కార్యకలాపాల కేంద్రాలు నెలకొల్పారు. తొలి దశలో తీరం పొడవునా, దీవులలోనూ 46 రాడార్లు వెలిశాయి.

నేటి సవాళ్లు: 2023 డిసెంబరు 23న గుజరాత్‌కు దూరంగా అరేబియా సముద్రంలో ‘కెమ్ ప్లూటో’ అనే ట్యాంకరుపై జరిగిన డ్రోను దాడి, ముప్పు ఇక డ్రోన్ల రూపంలో కూడా రాగలదని చూపింది. అంతకంటె పాతది, మొండిది చిన్న పడవల సమస్య. తన గుర్తింపునూ స్థానాన్నీ రేడియోలో ప్రకటించే ఏఐఎస్ పరికరం 20 మీటర్ల లోపు పడవలకు తప్పనిసరి కాకపోవడంతో, వేటకు వెళ్లే మరపడవల గుంపులో పరాయి పడవను పోల్చుకోవడం దుర్లభం. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు ఉచితంగా అమర్చే పథకం 2024లో ప్రారంభమైంది. తుపాను హెచ్చరికను అందుకోవడానికీ, ఆపదలో కబురు పంపడానికీ వీలు కల్పించే ఈ పరికరం మత్స్యకారుని ప్రాణరక్షణను, తీరరక్షణను ఒక్కచోట కలిపిన మెచ్చదగిన ప్రయత్నం.