రిజిస్టరులో లేని గడి: పలమనేరు పశు క్షేత్రం, పుంగనూరు ఆవు, కాపరి పరిజ్ఞానం

ప్రవేశిక

పుంగనూరు ఆవు గురించి వచ్చిన రచనల్లో జాతి లక్షణాలుంటాయి, పథకాల వివరాలుంటాయి, శాస్త్రవేత్తల కృషి ఉంటుంది. తెల్లవారకముందే కొట్టంలోకి అడుగుపెట్టే కాపరి ప్రస్తావన మాత్రం అరుదు. పశు క్షేత్రాల్లో పనిచేసే కాపరులు, పాలు పితికేవారు, సహాయకులు తమ ప్రాంతపు వ్యవసాయ ప్రయోగాలకు సారథులు కాలేకపోవడానికి చారిత్రక కారణమేమిటో పలమనేరు పశు పరిశోధనా స్థానం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సిబ్బందికి నైపుణ్యం లేకపోవడం ఇందుకు కారణం కాదనీ, క్షేత్రం తన జ్ఞానాన్ని నమోదు చేసుకున్న పద్ధతిలోనూ భాషలోనూ అసలు కారణం ఉందనీ నా వాదం.

హోసూరు వారసత్వం

దక్షిణాదిలో ప్రభుత్వ పశు క్షేత్రాల చరిత్రలో హోసూరుది ముఖ్యమైన స్థానం. 1824లో సైనిక అవసరాల కోసం వెలసిన ఆ క్షేత్రం, తర్వాతి కాలంలో పౌర ప్రభుత్వం చేతికి వచ్చి, మద్రాసు రాజధానిలో పశు సంతానోత్పత్తికి కేంద్రమైంది. గన్ రాసిన ‘క్యాటిల్ ఆఫ్ సదరన్ ఇండియా’ (1909), లిటిల్‌వుడ్ రాసిన ‘లైవ్‌స్టాక్ ఆఫ్ సదరన్ ఇండియా’ (1936) ఆ పాలనా వ్యవస్థ నుంచి వచ్చిన గ్రంథాలు. కొలత, రంగు, కొమ్ముల తీరు, పని సామర్థ్యం అన్న వరుసలో పశువును వర్ణించే పద్ధతి అలా స్థిరపడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. క్షేత్రం అటు మిగిలినా నమోదు పద్ధతి ఇటూ కొనసాగింది. 1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల ఏర్పడింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక పలమనేరు పశు పరిశోధనా స్థానం దాని పరిధిలోకి చేరింది. అంతరించే దశకు చేరిన పుంగనూరు జాతికి ఇన్నాళ్లూ ఆశ్రయమిచ్చింది ఈ స్థానమే.

‘చేపడం’ అనే క్రియ

క్షేత్రాల రిజిస్టర్లలో ప్రతి ఆవుకూ ఒక సంఖ్య ఉంటుంది. దాని తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఈనిన తేదీ, పూటపూటకూ ఇచ్చిన పాలు నమోదవుతాయి. ఈ గడుల శీర్షికలు ప్రధానంగా ఇంగ్లీషులో ఉంటాయి. కొట్టంలో మాట్లాడే భాష మాత్రం వేరు. ఆవు ఎదకు వస్తుంది, తీగలు వేస్తుంది, చూలు నిలవకపోతే తిరగపొర్లుతుంది, చూడి అవుతుంది, ఈనుతుంది, చేపుతుంది, చివరికి వట్టిపోతుంది. వీటిలో ‘చేపు’ అన్న క్రియ దగ్గర కొంచెం ఆగాలి. బ్రౌన్ నిఘంటువుకు (1852) ఎక్కిన పాత మాట ఇది. దూడ మూతి తగిలితే తప్ప పాలు దిగనివ్వని ఆవు స్వభావం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది. మన దేశవాళీ ఆవులు చాలావరకు అలాంటివే. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందుంచి పాలు పితకడం పల్లెల్లో తెలిసిన ఉపాయమే.

అంటే రిజిస్టరుకెక్కే పాల అంకె ఆవు ఇచ్చిన మొత్తం పాలది కాదు, దూడ తాగగా మిగిలినవాటిది. ఎంత వదిలారో, ఆ పూట ఆవు సరిగా చేపిందో లేదో పితికిన మనిషికే తెలుసు. ఆ తెలిసినదాన్ని రాయడానికి గడి లేదు. ఇది చిన్న లోపంలా కనిపించవచ్చు, కానీ విధాన చరిత్రలో దీని ఫలితం పెద్దది. 1964-65లో ప్రారంభమైన సమగ్ర పశు అభివృద్ధి పథకాల కాలం నుంచి పాల దిగుబడే ప్రధాన కొలమానమైంది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం విస్తరించింది. పాడికి పేరొందిన చిత్తూరు జిల్లాలో ఆ మార్పు మరింత వేగంగా సాగింది. రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లిచ్చే పుంగనూరు ఆవు ఆ లెక్కలో ఓడిపోయింది. తక్కువ మేతతో, ఎండుగడ్డితో కరువు కాలాన్ని దాటడం, ఎనిమిది శాతం దాకా వెన్న ఉండే పాలు ఇవ్వడం, తేలిక నేలల్లో దున్నకానికి పనికిరావడం దాని బలాలు. ఇవి కాపరికి తెలిసిన లెక్కలే. రైతులు సంకర పశువుల వైపు వెళ్లడం మూర్ఖత్వమని నేననను. పాల డబ్బుతో పిల్లలను చదివించుకున్న కుటుంబాలు ఈ జిల్లాలో అనేకం. అయితే నిర్ణయం జరిగిన చోట రెండో లెక్క వినిపించలేదన్నది వాస్తవం.

ప్రయోగశాల, కొట్టం

2020 తర్వాత ‘మిషన్ పుంగనూరు’ పేరుతో ప్రయోగశాలలో ఫలదీకరణ జరిపి పిండాలను మార్చే విధానం మొదలైంది. ఇది పూర్తిగా యంత్రాల పని అనుకోవడం పొరపాటు. ఏడు రోజుల వయసున్న పిండాన్ని స్వీకరించే ఆవు, సరిగ్గా ఏడు రోజుల కిందట ఎదకు వచ్చి ఉండాలి. ఒక రోజు అటూ ఇటూ అయితే ఫరవాలేదు కానీ అంతకు మించితే పిండం నిలవదు. హార్మోన్లతో ఎదను ఒక రోజుకు కుదర్చవచ్చు గానీ, అది నిజంగా వచ్చిందో లేదో చూడవలసింది కంటితోనే. దేశవాళీ ఆవుల ఎద తరచుగా కొద్ది గంటలే ఉంటుంది, రాత్రివేళ వచ్చి పోతుంది, కొన్నిసార్లు లక్షణాలే కనిపించవు. పశువైద్యులు దీన్ని ‘మూగ ఎద’ అంటారు. మందలో ఒక ఆవు మేత వదిలి తల ఎత్తి చూసిన తీరును బట్టి దాన్ని పసిగట్టేది కాపరి. అతని కన్ను తప్పితే ప్రయోగశాలలో పడ్డ శ్రమ వృథా. ప్రయోగ ఫలితాలపై వెలువడే పత్రంలో మాత్రం ఆ పరిశీలన కర్త లేని కర్మణి వాక్యంగా మిగులుతుంది: ‘ఎద గమనించబడింది’. తెలుగు వాక్య నిర్మాణం గురించి పాఠం చెప్పేవారికి ఈ ‘బడు’ ప్రయోగం ఏం దాచగలదో వివరించనక్కరలేదు.

2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన చిత్రాలు వచ్చాక ఈ ఆవుకు గిరాకీ పెరిగింది. పొట్టిదనమే దాని విలువగా చలామణి అవుతోంది. కరువు నేలలో సేద్యానికి, పాడికి పుట్టిన జాతి పెరటి అలంకారంగా మారితే, ఏ గుణాన్ని కాపాడాలన్న ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. మేత, ఈత, చేపు తెలిసినవారు లేకుండా దానికి జవాబు దొరకదు.

సారథ్యానికి పూర్వరంగం

కింది స్థాయి వారికి సాంకేతిక విద్య అప్పగించడం మనకు కొత్త కాదు. 1999లో ఏర్పడిన రాష్ట్ర పశుగణాభివృద్ధి సంస్థ ద్వారా గోపాలమిత్రలు వచ్చారు. గ్రామ యువకులు శిక్షణ పొంది రైతు ఇంటి ముంగిటే కృత్రిమ గర్భధారణ చేశారు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం వీర్యం వేయాలన్న సూత్రం వారి ద్వారా ఊరి మాటయింది. 2019లో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులు చేరారు. ఇద్దరికీ ఒకే పరిమితి ఉంది. పైనుంచి వచ్చిన పనిని చేయడమే వారి వంతు. ఏ ప్రయోగం చేయాలో నిర్ణయించే చోట వారికి స్థానం లేదు. క్షేత్ర సిబ్బంది పరిస్థితీ ఇదే. పాతికేళ్లు మందతో గడిపిన కాపరి పదవీ విరమణ చేస్తే సంఖ్యలు రిజిస్టరులో మిగులుతాయి, పరిశీలన అతనితో వెళ్లిపోతుంది.

ఇక్కడ తెలుగు శాఖలకు చేయగల పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నిర్వహణలో వచ్చిన ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించింది. పలమనేరు కొట్టాల్లో ఎద, చూలు, చేపు, మేత, రోగాల చుట్టూ వాడుకలో ఉన్న పదాలను అదే క్రమశిక్షణతో, చెప్పినవారి పేర్లతో సహా సేకరించవచ్చు. రిజిస్టరులో ‘కాపరి పరిశీలన’ అనే తెలుగు గడిని చేర్చి, రోజూ నింపే బాధ్యతను, దాని నుంచి ప్రశ్నలు లేవనెత్తే హక్కును సిబ్బందికే ఇవ్వవచ్చు. ఏ ఆవును ఏ ఆబోతుతో కట్టాలి, ఏ దూడను మందలో ఉంచాలి అని నిర్ణయించే సమావేశంలో ఆ గడిని మొదట చదవాలి. పలమనేరుకు ఒకవైపు తిరుపతి విశ్వవిద్యాలయాలు, మరోవైపు కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ పనికి కావలసిన పరిశోధక విద్యార్థులు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. వారిలో పశువుల కొట్టంలో పెరిగినవారూ తక్కువేమీ కాదు.