భుజం నరాల నిర్మాణ భేదాలు, శస్త్రచికిత్స

భుజానికి, చేతికి కదలికనూ స్పర్శనూ ఇచ్చే నరాలు బ్రేకియల్ ప్లెక్సస్ అనే అల్లిక నుంచి బయల్దేరతాయి. మెడ ప్రాంతపు 5 నుంచి 8వ వెన్నునరాలు, ఛాతీ ప్రాంతపు మొదటి వెన్నునరం దీనికి మూలాలు. ఇవి మెడ పక్కన మూడు కాండాలుగా కలుస్తాయి. కాలర్ బోన్ వెనక ఆరుగా చీలి, చంక దగ్గర మూడు కార్డులుగా మళ్లీ కలిసి, చివరికి ఐదు ప్రధాన నరాలవుతాయి. పుస్తకాల్లో కనిపించే ఈ పటం స్థూలంగా చాలామందికి సరిపోతుంది. అయితే అల్లిక ఏ మూలం దగ్గర మొదలవుతుంది, శాఖ ఎక్కడ విడిపోతుంది, ఏ ఎముకకు ఎంత దూరంలో నడుస్తుంది అన్నవి మనిషి మనిషికీ మారతాయి. ఒకే మనిషి కుడి, ఎడమ భుజాల్లోనూ తేడా ఉండవచ్చు. పిండదశలో చేతి మొగ్గలోకి నరాలు పెరిగేటప్పుడే ఈ తేడాలు ఏర్పడతాయి. వీటివల్ల చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. భుజానికి ఆపరేషన్ చేసినప్పుడో, మత్తు సూది గుచ్చినప్పుడో అవి బయటపడతాయి.

చేతి వేళ్ల స్పర్శకూ మెడకూ సంబంధం ఉందని రెండో శతాబ్దంలోనే గాలెన్ గుర్తించాడు. బండి మీద నుంచి పడిన పౌసానియాస్ అనే పండితుడికి ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి. మిగతా వైద్యులు వేళ్లకే మందు పూస్తుంటే, గాలెన్ ఆ నరాలు పుట్టే వెన్ను భాగానికి చికిత్స చేశాడు. 1543లో వెసాలియస్ తన శరీర నిర్మాణ గ్రంథంలో ఈ నరాల అల్లికను బొమ్మ గీయించి చూపాడు. 19వ శతాబ్దపు వైద్యులు రోగుల నుంచి వెనక్కి వెళ్లి మూలాలను పట్టుకున్నారు. ప్లెక్సస్ పై భాగం దెబ్బతింటే కలిగే పక్షవాతాన్ని 1874లో ఎర్బ్, కింది భాగం దెబ్బతింటే కలిగేదాన్ని 1885లో అగస్టా క్లుమ్కే వివరించారు.

భేదాలను లెక్కగట్టిన ప్రసిద్ధ అధ్యయనం అమెరికా అనాటమిస్టు ఏబ్రమ్ కెర్‌ది. 175 ప్లెక్సస్‌లను పరిశీలించి 1918లో ఆయన ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. పటంలో చోటు లేని నాలుగో మెడ నరం సగానికి పైగా నమూనాల్లో ప్లెక్సస్‌కు పోగు పంపుతున్నట్టు ఆయన చూశాడు. ఆ పోగు పెద్దదై, ఛాతీ నరం వాటా తగ్గితే అల్లిక మొత్తం ఒక మెట్టు పైకి జరిగినట్టవుతుంది. ఛాతీ రెండో నరం గట్టిగా కలిస్తే కిందికి జరిగినట్టు. వీటిని ప్రీఫిక్స్‌డ్, పోస్ట్‌ఫిక్స్‌డ్ ప్లెక్సస్‌లంటారు. ప్రమాదంలో నరాలు తెగిన మనిషిని పరీక్షించి, పనిచేయని కండరాలను బట్టి ఏ మూలం తెగిందో చెప్పే వైద్యుడి అంచనా ఇలాంటి దేహంలో ఒక మెట్టు తప్పవచ్చు.

భుజం సర్జన్లను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఆక్సిలరీ నరం. ఇది వెనక కార్డు నుంచి పుట్టి, కీలును చుట్టి ఉండే గుళిక (క్యాప్సూల్) అడుగు భాగాన్ని దాదాపు ఆనుకుని వెనక్కి వెళ్లి, జబ్బ ఎముక మెడను చుట్టి, డెల్టాయిడ్ కండరం లోపలి ముఖం మీద వెనక నుంచి ముందుకు నడుస్తుంది. నడక ఆ దిశలో ఉండటంలోనే ప్రమాదం ఉంది. డెల్టాయిడ్‌ను పై నుంచి నిలువునా చీల్చుతూ నరం దాకా వెళ్తే, కోతకు ముందున్న కండరభాగమంతా చచ్చుబడుతుంది. అందుకే భుజాగ్రాన ఉండే అక్రోమియన్ అంచు నుంచి 5 సెంటీమీటర్లు దాటి చీల్చవద్దని తరతరాల సర్జన్లకు నేర్పారు.

ఆ అంకె అందరికీ వర్తించదు. 1992లో బర్క్‌హెడ్, సహచరులు ప్రచురించిన పరిశీలనలో దాదాపు ఐదో వంతు శవాల్లో నరం 5 సెంటీమీటర్ల కంటే దగ్గరగానే ఉంది. చేయిని పక్కకు 90 డిగ్రీలు ఎత్తితే ఆ దూరం ఇంకా దాదాపు 30 శాతం తగ్గింది. 2006లో చెటిక్ బృందం 24 భుజాలను కొలిస్తే దూరం ముందు వైపు సగటున 6.08, వెనక వైపు 4.87 సెంటీమీటర్లుగా తేలింది. చేయి పొడవును బట్టి దూరం మారుతుందని కూడా వారు చూపారు. అంటే పొట్టి చేయి ఉన్న రోగికి పుస్తకంలోని అంకె రక్షణ ఇవ్వదు. కీలు అడుగున ఉన్న వెసులుబాటు ఇంతకంటే తక్కువ. 2004లో ప్రైస్ బృందం కొలతల ప్రకారం ఆక్సిలరీ నరం కీలు గిన్నె కింది అంచుకు సగటున 12.4 మిల్లీమీటర్ల దూరంలోనూ, కింది లిగమెంటుకు 2.5 మిల్లీమీటర్ల దూరంలోనూ ఉంది. మాటిమాటికీ జారే భుజానికి గుళికను బిగించి కుట్టేటప్పుడు సూది వెళ్లేది ఈ సందులోనే. సగటు మీద ఆధారపడటం కంటే, తెరిచి చేసే ఆపరేషన్‌లో నరాన్ని వేలితో తాకి ఎక్కడుందో తేల్చుకోవడమే నమ్మదగిన పద్ధతి. కండరం కింద ఒక వేలు, కీలు ముందు మరో వేలు పెట్టి మెల్లగా లాగిచూసే టగ్ టెస్ట్ అందుకే వాడుకలోకి వచ్చింది.

మస్క్యులోక్యుటేనియస్ నరం కథ కూడా ఇలాంటిదే. మోచేయిని వంచే బైసెప్స్‌కు వెళ్లే ఈ నరం కొరకోబ్రేకియాలిస్ అనే కండరాన్ని చీల్చుకుపోతుంది. లియోన్ నగరంలో సర్జన్‌గానూ అనాటమీ ఆచార్యుడిగానూ ఉన్న మిషెల్ లతార్జే, జారే భుజానికి కొరకాయిడ్ ఎముక కొనను కోసి కీలు ముందు బిగించే పద్ధతిని 1954లో వివరించాడు. ఎముకతో పాటు కొరకోబ్రేకియాలిస్ కూడా కదులుతుంది కనుక నరం ఎక్కడ చొచ్చుకుపోతుందో తెలియాలి. 1989లో ఫ్లాటో బృందం 93 భుజాల్లో చూస్తే ఆ చోటు కొరకాయిడ్‌కు 31 నుంచి 82 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడైనా ఉంది. కండరానికి వెళ్లే చిన్న శాఖలు 17 మిల్లీమీటర్ల దగ్గరే కనిపించాయి. కొందరిలో ఈ నరం కండరాన్ని చీల్చుకోకుండా పక్క నుంచి వెళ్తుంది. కొందరిలో మీడియన్ నరంతో కలుస్తుంది. అరుదుగా అసలు నరమే ఉండదు, బైసెప్స్‌కు మీడియన్ నరమే శాఖలిస్తుంది.

సుప్రాస్కాపులర్ నరం విషయంలో తేడా ఎముకలో ఉంటుంది. రెక్క ఎముక పై అంచున ఉన్న గంటులోంచి, దాని మీద అడ్డంగా కట్టిన లిగమెంటు కింద నుంచి ఈ నరం దూరి, చేయిని ఎత్తే, బయటికి తిప్పే కండరాలకు చేరుతుంది. రెంగాచారి 1979లో 211 రెక్క ఎముకలను పరిశీలించి గంటును ఆరు రకాలుగా విభజించాడు. ఒక చివర గంటే దాదాపు లేనిది, మరో చివర లిగమెంటు ఎముకగా మారి రంధ్రంలా మూసుకున్నది. నరం అక్కడ నలిగితే భుజం వెనక మొండి నొప్పి, కండరాల బలహీనత వస్తాయి. 2007లో లఫోస్ బృందం ఆర్థ్రోస్కోపు ద్వారా లిగమెంటును కోసే పద్ధతిని వివరించింది. ఎముకగా మారిన లిగమెంటు మామూలు కత్తెరకు తెగదు కనుక ముందే స్కాన్‌లో చూసుకోవడం మేలు.

మత్తు వైద్యానికీ ఇదే చిక్కు. మెడలోని రెండు స్కేలీన్ కండరాల మధ్య సందులో మందు ఎక్కించే పద్ధతిని 1970లో విన్నీ ప్రచారంలోకి తెచ్చాడు. కానీ కొందరిలో మెడ ఐదో నరపు మూలం ఆ సందులో ఉండదు. ముందు కండరాన్ని చీల్చుకునో, దాని ముందు నుంచో వెళ్తుంది. చేతి స్పర్శతో సూది గుచ్చిన రోజుల్లో ఇది తెలిసే దారి లేదు. అల్ట్రాసౌండ్ వచ్చాక నరాన్ని తెర మీద చూస్తూ మందు వేయగలుగుతున్నారు.

తెగిన నరానికి పొరుగు నరం పోగులను అతికించే శస్త్రచికిత్సలో నిర్మాణ భేదం మరింత కీలకం. 1994లో ఒబెర్లిన్ అల్నార్ నరంలోని ఒక కట్టను బైసెప్స్ శాఖకు కలిపాడు. 2003లో థాయిలాండ్‌కు చెందిన లీచవెంగ్వాంగ్స్ ట్రైసెప్స్ కండరపు పొడవాటి తలకు వెళ్లే రేడియల్ శాఖను ఆక్సిలరీ నరానికి కలిపి డెల్టాయిడ్‌ను బతికించే పద్ధతిని ప్రచురించాడు. ఆ పొడవాటి తల శాఖ కొందరిలో ఆక్సిలరీ నరం నుంచే పుడుతుందని 2004లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు. అలాంటి రోగిలో దాతగా ఎంచుకున్న శాఖ కూడా గాయపడిన నరానిదే కావచ్చు. అందుకే సర్జన్ శాఖను కోసే ముందు దానికి స్వల్ప విద్యుత్ తాకించి, ట్రైసెప్స్ గట్టిగా ముడుచుకుంటోందో లేదో చూస్తాడు.